అక్క కడిగే సీసాలు

ఖోన్ కేన్,
కోతలు అయిన నెల

ఒరే ఖంపన్,

నాకు కొత్త ఉద్యోగం వచ్చింది. హోటల్లో అంట్లు తోమడం మానేశాను. ఇప్పుడు పెద్ద డాక్టర్లుండే ప్రయోగశాలలో గాజు సామాను చూసుకుంటున్నాను. తెల్లకోటు ఇచ్చారు. జేబు మీద నా పేరు కుట్టించారు. ఇక్కడిదాకా ఊరందరికీ చదివి వినిపించు. తర్వాతది నువ్వొక్కడివే చదువుకో.

పక్కన మీ ఆవిడ తప్ప ఎవరూ లేరుగా? సరే. ఆ గాజు సామానులో ఉండేది మనుషుల పెంట.

నేను రంగురంగుల నీళ్ళు పొంగుతుంటాయనుకుని వెళ్ళాను. గుమ్మంలోనే ముక్కు సంగతి చెప్పేసింది. ఊళ్ళ నుంచి జనం చిన్న డబ్బాల్లో పంపిస్తారు. మాలీ అనే అమ్మాయి ఉంది, చదువుకున్న పిల్ల. అది దాన్ని నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి, ఫార్మలిన్ పోసి, గిర్రున తిప్పి, అడుగున దిగిన చుక్కని గాజుపలక మీద పెట్టి చూస్తుంది. వంటంతా వాళ్ళది, గిన్నెలు మాత్రం నావి. గరాటులు, గాజుగొట్టాలు, కోసుగా ఉండే గ్లాసులు, అన్నీ తొట్టెలకొద్దీ వచ్చి పడతాయి. ముందు బ్లీచింగు నీళ్ళలో నానబెట్టాలి. తర్వాత సన్న బ్రష్షులతో తోమాలి. కుళాయి నీళ్ళు, మళ్ళీ కుళాయి నీళ్ళు, చివరికి బ్యాటరీల్లో పోసేలాంటి శుద్ధమైన నీళ్ళు. నాతో పనిచేసే నోయ్ పిన్నికి ఇందులో చాలా ఏళ్ళ అనుభవం. సీసాలో నిన్నటివాడి పురుగు గుడ్డు ఒక్కటి మిగిలిపోయినా ఇవాళ్టివాడి లెక్కలోకి వెళ్ళిపోతుందట. "అన్నం గిన్నె సరిగ్గా తోమకపోతే నీ మొగుడొక్కడే తిడతాడు. ఇది తోమకపోతే లేని రోగం ఒకడికి అంటగట్టినదానివవుతావు" అంది. మీ బావ పోయి నాలుగేళ్ళయిందని చెబితే, అయితే తిట్టేవాళ్ళు కూడా లేరన్నమాట, ఇంకా జాగ్రత్తగా తోము అంది.

ఇక అసలు సంగతి. ఇక్కడి పెద్ద డాక్టర్ ప్రసిత్ నాకు చిన్నవి పెద్దగా కనిపించే యంత్రంలో ఆ గుడ్డు చూపించాడు. మూత పెట్టిన బుల్లి కుండలా ముద్దుగానే ఉంది. ఆ పురుగు చెరువు చేపలో నుంచి వస్తుందట. పచ్చిచేప తిన్నవాడి కాలేయంలో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళయినా కదలదట. అద్దె కూడా కట్టదు.

కాబట్టి నువ్వు కోయ్ తినడం మానెయ్. వేపిన బియ్యప్పొడి, నిమ్మరసం, ఎర్రచీమలు ఎన్ని కలిపినా అది పచ్చిచేపే. ఈ ఉత్తరంతో చిన్న డబ్బా పంపిస్తున్నాను. అందులో ఏం పెట్టాలో నీకు తెలుసు. బస్సు కండక్టరుకి ఇచ్చి పంపు. అదేమిటని అడిగితే పులిసిన చేప అని చెప్పు.

మీ అక్క
లందువన్

---

బాన్ నోంగ్ తాక్లా,
చలి ఎక్కువగా ఉంది

అక్కా,

తెల్లకోటు సంగతి ఊరంతా చెప్పాను. తర్వాతది చెప్పలేదు. అది మా ఆవిడ చంథీ చెప్పింది.

ఇప్పుడు నిన్ను ఇక్కడ అందరూ పెంట డాక్టరమ్మ అంటున్నారు. నేను ఊరుకోలేదు. మా అక్క డాక్టరు కాదు, కడిగేది మాత్రమే అని గట్టిగా చెప్పాను.

కోయ్ గురించి నువ్వు రాసింది మన గ్రామపెద్దకి చదివి వినిపించాను. చేపని ఉడకబెట్టుకునేది పళ్ళు లేనివాళ్ళూ, బ్యాంకాక్ వాళ్ళూ అన్నాడు. అయినా మేమేమన్నా పిచ్చివాళ్ళమా? నిమ్మరసం పిండగానే చేప తెల్లబడుతుంది. అంటే ఉడికినట్టే కదా. పైన సారా పోస్తాం. ఆ సారాకి మా బావమరిది రెండు రోజులు కళ్ళు కనపడక గోడలు తడుముకున్నాడు, ఇక పురుగెంత? నాన్న బతికినన్నాళ్ళూ తిన్నాడు. నువ్వూ తిన్నావు. కిందటి కొత్త సంవత్సరం పండక్కి వచ్చినప్పుడు గిన్నె అడుగు వేలితో నాకింది ఎవరో నాకు తెలుసు.

నువ్వు వేరే పని చూసుకోకూడదా? అంట్లు తోమితే కనీసం ఏం తిన్నారో తెలుస్తుంది. అక్కడ ఏం తిన్నారో తెలిసేసరికి ఆలస్యమైపోతోంది.

సరే, పెద్దదానివి అడిగావు. నువ్వడిగింది పంపిస్తున్నాను. తాజాది. డబ్బా నిండా కుక్కి పెట్టాను, మన ఇంట్లో దానికేం కొరత. కండక్టరు వాసన చూసి, ఈ పులిసిన చేప ఇంకొన్నాళ్ళు పులియనివ్వాల్సింది అన్నాడు.

తమ్ముడు
ఖంపన్

---

ఖోన్ కేన్,
మామిడి పూత

తమ్ముడూ,

నీ వల్ల నాకు ఇంత మర్యాద దక్కుతుందని కలలో కూడా అనుకోలేదు.

నీ డబ్బా వచ్చిన రోజు మాలీ యంత్రంలోకి చూసి, ఇంకోసారి చూసి, డాక్టర్ ప్రసిత్‌ని పిలిచింది. ఆయన చూసి ఇంకో ఇద్దరు డాక్టర్లని పిలిచాడు. నీ గుడ్డు మామూలు గుడ్డు కాదట. దానికి నాలుగైదింతలుంది. ఆ జాతి పురుగు మనుషుల్లో చాలా అరుదట. మధ్యాహ్నం అన్నం గంటకి ఎవరూ లేవలేదు. నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. నేనిక్కడ చేరాక కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. మీ తమ్ముడు చెరువులో పెరిగే ఆకులు పచ్చివి తింటాడా అని అడిగారు. వాడు తిననిదేదో చెప్పడం తేలిక అన్నాను. రాసుకున్నారు.

నోయ్ పిన్నికి కుళ్ళు. వాళ్ళింట్లో ఆరుగురిని పరీక్ష చేయిస్తే అందరికీ మామూలు పురుగులే వచ్చాయి. ఈమధ్య నడవలో డాక్టర్లు నాకు ఎదురుపడితే తలూపుతున్నారు. మాలీ నీ డబ్బా కలిపిన గ్లాసు ఎంతసేపటికీ నా తొట్టెలో వెయ్యలేదు. ఫోటోలు తీసుకున్నారు. చివరికి నాకిస్తే నా చేత్తో మెల్లగా కడిగాను. వాసన కూడా వేరుగా ఉందిరా. ఏదో గడ్డివాములో తల పెట్టినట్టు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. వచ్చే పున్నమి తర్వాత మొదటి సంతరోజున డాక్టర్ ప్రసిత్, మాలీ జీపులో మన ఊరొస్తున్నారు. నిన్ను చూడ్డానికే. చొక్కా వేసుకో. ఆ రోజు తాగకు. కోయ్ పెట్టకు. ఆయన పెద్ద చదువులు చదివినవాడు, ఎదురుగా కూర్చుని గోళ్ళు కొరక్కు.

ఇంకో మాట. నీకు కడుపులో ఎక్కడన్నా నొప్పిగా ఉంటోందా? ఒంటికి దురదగానీ, ఆకలి తగ్గడంగానీ? నవ్వులాట మాని జవాబు రాయి.

లందువన్

---

బాన్ నోంగ్ తాక్లా,
ఎండలు ముదిరాయి

అక్కా,

ముందు కూర్చో. కుర్చీ ఉందన్నావుగా.

జీపు వచ్చింది. గ్రామపెద్ద మైకు కట్టించాడు. మన ఊరికి గర్వకారణమైన ఖంపన్ అని అరగంట మాట్లాడాడు. దేనికి గర్వకారణమో చెప్పలేదు, ఆయనకీ తెలీదు. నేను అక్కడ లేను. మోకాళ్ళ లోతు చెరువులో, తామరాకుల వెనక ఉన్నాను. ఊళ్ళోవాళ్ళు డాక్టరుగారిని తిన్నగా మనింటికే తీసుకొచ్చారు. చంథీ ఆయనకి మంచినీళ్ళిచ్చి, అరుదైన పురుగున్న మనిషిని చూడాలి అని ఆయన అనగానే ఇంటి కింద స్తంభాల మధ్యకి తీసుకెళ్ళింది.

"అయ్యా, రోగి ఇదిగో. గడ్డి తింటోంది, ఇప్పుడే వస్తుంది" అని గేదెని చూపించిందట.

నేను చేసిన పని నీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. డబ్బా చూస్తే నాకు సిగ్గేసిందే. ఇంటి కింద గేదె ఆ పని చేస్తూ కనిపించింది. దానికి సిగ్గు లేదు.

నీ కొంప మునిగిందనుకుని నేను చెరువులో నుంచి లేచి వచ్చాను. వచ్చేసరికి డాక్టర్ ప్రసిత్ మన నిచ్చెన మెట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆ మాలీ అయితే గేదె మెడ పట్టుకుని వంగిపోయింది. మూడు వారాలు గేదె గురించి పుస్తకాలు తిరగేశాను అని మళ్ళీ నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, గేదెకి మందు రాసిస్తాను, ఇప్పుడు నీది పట్రా అన్నాడు. పైగా చంథీ మరుగుదొడ్డి గుడిసె బయట కర్ర పట్టుకుని నిలబడింది. అక్కా, అలా నిలబడితే ఎవరికి వస్తుంది? ఎలాగో అయింది.

నేనిచ్చానని తెలిసి అందరూ ఇచ్చారు. విహారంలో పెద్ద భిక్షువు డబ్బాని కాషాయగుడ్డలో చుట్టి మరీ తెచ్చాడు. మాలీ రెండు చేతులా అందుకుని నమస్కారం చేసింది. గ్రామపెద్ద, నాది అందరూ చూసేది కాదు అని భీష్మించుకు కూర్చున్నాడు. జీపు బయల్దేరే ముందు దాని వెనక పరిగెత్తి కిటికీలో పడేశాడు.

డాక్టరు మంచివాడే. కోయ్ పెడితే కోప్పడలేదు, అన్నమూ కాల్చిన మిరపకాయ పచ్చడీ చాలన్నాడు. నన్ను చాపమీద పడుకోబెట్టి కుడివైపు పక్కటెముకల కింద నొక్కి, ఇక్కడ నొప్పా అని అడిగాడు. కాదన్నాను. అంత గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పే కదా. అప్పుడు మాత్రం ఆయన నవ్వలేదు.

కోపం తగ్గాకే ఉత్తరం రాయి.

ఖంపన్

---

ఖోన్ కేన్,
కొత్త సంవత్సరం పండగ దాటాక

ఖంపన్,

నా కోపం తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే నువ్వు ముసలాడివైపోతావని రాస్తున్నాను.

నా పరువు మెకాంగ్ నదిలో కలిపావు. కుర్చీ తీసేశారు. నడవలో డాక్టర్లు నన్ను చూసి ఇంకా తలూపుతున్నారు, కానీ పెదాలు బిగబట్టుకుని. ఎవరో గోడమీద గేదె బొమ్మ అంటించి కింద నీ పేరు రాశారు. నోయ్ పిన్నికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. దానింటివాళ్ళు కనీసం మనుషులంటుంది. ఆ గ్లాసుని నేను దేవుడి పళ్ళెంలా కడిగాను కదరా.

సరే. ఊరి డబ్బాలన్నీ చూశారు. వారమంతా నేను కడిగింది మన ఊరినే. మూత మీద పేరు చూడ్డం, ఆ మొహం గుర్తు రావడం. చిన్నప్పుడు నన్ను గోధుమరంగు కోతి అన్న ఆ కిరాణాకొట్టు ముసలిదాన్ని కూడా కడిగాను. ఇక జన్మలో దానిమీద కోపం రాదు. పెద్ద భిక్షువుకంటే ఊరి సంగతి ఇప్పుడు నాకే బాగా తెలుసు.

పదిమందిలో ఏడెనిమిది మందికి ఉన్నాయి. నీకు ఉన్నాయి. చాలా ఉన్నాయి. చంథీకి కొద్దిగా. మాత్రలు జీపులో పంపిస్తున్నారు. చేదుగా ఉంటాయి, తల తిరుగుతుంది, అయినా మింగండి.

నువ్వు మాత్రం మాత్రలతో సరిపెట్టుకోకూడదు. ఖోన్ కేన్ రావాలి. ఇక్కడ కడుపుమీద చల్లని జిగురు రాసి, లోపలిదంతా తెరమీద చూపించే యంత్రం ఉంది. నొప్పెట్టదు. డాక్టరు నీ పేరు ప్రత్యేకంగా చెప్పాడు.

ఖంపన్, ఆయనకి నాన్న సంగతి చెప్పాను. చివర్లో పసుపుముద్దలా అయిపోవడం, పొట్ట ఉబ్బడం, రాత్రీ పగలూ గోక్కోవడం. ఆయన ఎంత వయసు అని మాత్రం అడిగాడు. చెప్పాను. తల వంచుకుని పెన్ను మూత పెట్టుకున్నాడు. మరేమీ అనక్కర్లేకపోయింది. మనం భూతవైద్యుడి మాట విని పొలం దయ్యానికి కోళ్ళు కోసి పెట్టాం. దయ్యం పొలంలో లేదురా. నాన్న కంచంలో ఉంది.

వానల కోసం ఎగరేసే రాకెట్ల పండగ అయిపోయాక బస్సెక్కు.

అక్క

---

బాన్ నోంగ్ తాక్లా,
రాకెట్ల పండగ మర్నాడు

అక్కా,

మాత్రలు మింగాం. ఊరంతా ఒక్కరోజే. ఒక్క చుక్క తాగకుండా ఊరంతా తూలడం నేను మొదటిసారి చూశాను. గ్రామపెద్ద చింతచెట్టుని కౌగిలించుకుని, సర్కారు ఈ మందు సీసాల్లో ఎందుకు అమ్మదు అని అడిగాడు. మన ఊరి రాకెట్టు ఈసారి పైకి లేవలేదు. మందుగుండు కూరినవాళ్ళు కూడా మాత్రలు మింగినవాళ్ళే.

కోయ్ మానేశాను. అంటే ఇంట్లో మానేశాను. చంథీ చేపని ఎంతసేపు ఉడకబెడుతుందంటే, అది చేపో చెప్పుతోలో తెలీదు.

ఆ తెర యంత్రానికి మాత్రం నేను రాను. నాట్లు పడాలి. నా కడుపులో ఏముందో నాకూ దానికీ మధ్య ఉండనీ.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. మాత్రలు తెచ్చిన మాలీతో, మా అక్క బాగా పనిచేస్తోందా అన్నాను. పని బాగా చేస్తుంది, మందే మింగదు అంది. నాకర్థం కాలేదు. చేరిన కొత్తల్లోనే పనివాళ్ళందరినీ పరీక్ష చేశారటగా. అందులో నీకూ ఉన్నాయటగా. మాత్రలు ఇస్తే రేపు రేపు అంటూ నెలలు గడిపావటగా. తెర యంత్రం గది నీ కడిగే తొట్టె పక్కనే ఉన్నా గుమ్మం తొక్కలేదటగా.

ఇందులో నవ్వడానికి చాలా ఉంది. చంథీ నవ్వబోయింది. నేను వద్దన్నాను.

అక్కా, ఊరందరి పెంట గురించీ ఉత్తరాలు రాశావు. నీది రాయలేదు. ఎందుకు?

ఖంపన్

---

ఖోన్ కేన్,
తొలివానలు

తమ్ముడూ,

మాలీ నోట్లో నువ్వుగింజ నానదు. దాని గాజుగొట్టాలు ఈ వారం సగమే కడిగిచ్చాను.

అది చెప్పింది నిజమే. నీ ఉత్తరం చదివాక మాత్రలు మింగాను. తొట్టె దగ్గర నిలబడి, నీళ్ళు పట్టుకుని ఒకేసారి. తల తిరిగి రెండు గరాటులు పగలగొట్టాను. నోయ్ పిన్ని తనే పగలగొట్టానని చెప్పింది. దానికి నా మీద అంత ప్రేమ ఉందని నాకు తెలీదు.

ఆ గదిలోకి ఎందుకు వెళ్ళలేదంటావు. నేను కడిగే చోటు నుంచి ఆ గది తలుపు కనిపిస్తుంది. జనం లోపలికి వెళ్తారు. కాసేపటికి డాక్టర్ ప్రసిత్ బయటికొచ్చి వాళ్ళ మనుషులతో మాట్లాడతాడు. ఆయన నవ్వుతూ వస్తే ఇంటికి పోతారు. ఆయన ఏం మాట్లాడకుండా ముందు ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటే, నేను కుళాయి గట్టిగా తిప్పేస్తాను, వినపడకుండా.

నాన్న పోయేటప్పుడు నువ్వు చిన్నవాడివి. నీకు గుర్తున్నవి కోళ్ళే. ఆయన ఒళ్ళు రోజూ తుడిచింది నేను. ఆయన కళ్ళ రంగు ఎలా మారుతూ వచ్చిందో నేను చూశాను. ఈమధ్య నాకు అన్నం సయించడం లేదు. సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోతున్నాయి. ఎండ అనుకున్నాను, వయసు అనుకున్నాను. పొద్దున్నే అద్దంలో కళ్ళు చూసుకోవడం మానేశాను. అద్దం గోడవైపు తిప్పి పెట్టాను. ఒంటరిగా ఉండేదానికి అద్దమెందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను.

అదీ సంగతి. నీకు బోధలు చేసింది అందుకే. నువ్వు వస్తే, నీ వెంట వచ్చినట్టుగా నేనూ ఆ గదిలోకి వెళ్ళొచ్చని.

నాట్లు పడనీ, పడకపోనీ. నువ్వు రా. నువ్వు ముందు పడుకో, తర్వాత నేను. ఒక్కదాన్నీ వెళ్ళలేనురా.

వచ్చేటప్పుడు చేపలు తేకు.

లందువన్

---

ఖోన్ కేన్,
వానలు తగ్గుముఖం

అక్కా,

ఊరికి నీ బస్సు ప్రయాణం బాగా జరిగిందని చంథీ రాసింది. దారిపొడుగునా కండక్టరుకి కడుపు మీద కుట్లు చూపించావట. ఇంకెప్పుడూ నా ఉత్తరాలూ డబ్బాలూ ఎక్కించుకోనన్నాడట వాడు.

నీ కోటు నాకు భుజాల దగ్గర బిగుతుగా ఉంది. జేబు మీద లందువన్ అనే ఉంది. అందరూ నన్ను లందువన్ అనే పిలుస్తున్నారు. నీ ఉద్యోగం పోకుండా నువ్వు కోలుకునేదాకా నేను కడగొచ్చని డాక్టర్ ప్రసిత్ ఒప్పుకున్నప్పుడు, గేదెని కూడా తీసుకురా, పనికి ఇద్దరవుతారు అన్నాడు. మగాడివయ్యుండి పెంట కడుగుతున్నావా అని ఎవరూ అనలేదు. అనేవాళ్ళ సీసాలు కూడా నా తొట్టెలోనే ఉన్నాయి. నోయ్ పిన్ని మాత్రం ఒళ్ళు హూనం చేస్తోంది. కడిగినవి వెలుతురులో పెట్టి చూసి, నీ మొహమే ఇంతకంటే తెల్లగా ఉంది అని మళ్ళీ తొట్టెలో పడేస్తుంది. ఫార్మలిన్‌కి కళ్ళు మండుతున్నాయి. నువ్వు ఇన్ని నెలలు ఇది ఒక్క ఉత్తరంలో కూడా రాయలేదు.

నువ్వు మత్తులో ఉన్నావు కాబట్టి నీకు తెలియని సంగతి ఒకటుంది. అప్పుడు చెప్పలేకపోయాను.

తెర యంత్రం దగ్గర ఆ రోజు నన్ను ముందు పడుకోబెట్టారు కదా. పిత్తనాళాలు మందంగా ఉన్నాయి, ఏడాదికోసారి చూపించుకో, పచ్చిచేప ముట్టుకున్నావంటే గేదె వైద్యుడి దగ్గరికి పంపిస్తా అన్నాడు డాక్టరు. నేను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ బయటికొచ్చాను. నువ్వు నా నవ్వు చూసి ధైర్యంగా లోపలికి వెళ్ళావు. చాలాసేపు రాలేదు. తర్వాత డాక్టర్ ప్రసిత్ వచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు.

నువ్వు రాశావు కదా, కుళాయి తిప్పేస్తానని. నాకు కుళాయి ఎక్కడుందో కూడా తెలీదు.

కాలేయం ఎడమ అంచున చిన్న గడ్డ ఉందన్నాడు. కోసి తీసెయ్యొచ్చన్నాడు. అదంతా నీకూ చెప్పాడు. నీకు చెప్పనిది, కోత అయ్యాక పెద్దాసుపత్రి నడవలో నాతో అన్నాడు.

"మామూలుగా ఇది ఉన్నవాళ్ళు ఒళ్ళు పసుపెక్కి, పొట్ట ఉబ్బాక వస్తారు. అప్పుడు నేను చేసేదేమీ ఉండదు. మీ అక్కది మొదట్లోనే దొరికింది. మాట ఇవ్వలేను. కానీ దొరికింది."

నేను తిరిగి ఇక్కడికొచ్చి కడిగే గదిలో నిలబడి ఏడ్చాను. నోయ్ పిన్ని చూసింది. ఫార్మలిన్ అన్నాను. ఫార్మలిన్ సీసాకి ఇంకా మూత తీయలేదు అంది. అని, తనే వెళ్ళి మూత తీసింది.

మాట ఇవ్వలేనన్నాడని నీకు చెప్పాలా వద్దా అని నెలరోజులు ఆలోచించాను. నీకు అబద్ధం చెబితే కనిపెట్టేస్తావు. అందుకని చెప్పేశాను.

చంథీ పెట్టింది తిను.

ఖంపన్
(కోటు ప్రకారం లందువన్)

---

బాన్ నోంగ్ తాక్లా,
వరి వెన్ను తొడిగింది

ఒరే ఖంపన్,

చెప్పినందుకు సంతోషం. నాకు ముందే తెలుసు. నువ్వు ఆసుపత్రిలో నా కాళ్ళు పట్టావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నా కాళ్ళు పట్టిన పాపాన పోలేదు. అప్పుడే అనుకున్నాను, సంగతి చిన్నది కాదని.

నేను బాగానే ఉన్నాను. ఆకలి వేస్తోంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా కుట్లు చూడ్డానికి వస్తున్నారు. ఊరికే రావద్దు, గుడ్లు తెమ్మన్నాను. చంథీ నన్ను చెరకుగడలా నమిలేస్తోంది, లే, నడువు, తిను, పడుకో. నీలాంటివాడితో ఇన్నేళ్ళు కాపురం ఎలా చేసిందా అనుకునేదాన్ని. ఇప్పుడు నువ్వెలా చేశావా అనిపిస్తోంది.

నిన్న జరిగింది చెబుతాను. గ్రామపెద్ద, మీ బావమరిది, మరో ఇద్దరు చెరువుగట్టు కింద దాక్కుని కోయ్ తింటున్నారని చంథీ పసిగట్టింది. నేను కర్ర పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళాను. కొత్త కోత, పది అడుగులకోసారి ఆగాలి. అరుద్దామనుకున్నాను. గ్రామపెద్ద నన్ను చూసి భయంతో పళ్ళెం నా ముందుకే జరిపాడు. ఇప్పుడే పట్టిన చేప. నిమ్మకాయ. పుదీనా. ఒరే, నాకు నోరూరింది. కాలేయంలో ముక్క కోయించుకున్నదాన్ని, ఆ పురుగు మొహం యంత్రంలో చూసినదాన్ని, ఊరందరి గుడ్లూ కడిగినదాన్ని, గుటక మింగుతూ నిలబడ్డాను. వాళ్ళు నన్నే చూస్తున్నారు. ఇది మానడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. నేను నీకు ఉత్తరాల్లో మానెయ్ అని ఒక్క ముక్కలో రాసి పారేసేదాన్ని.

అరవలేదు. పక్కన కూర్చున్నాను. కుట్లు చూపించలేదు, అవి వాళ్ళ పెళ్ళాలు ఎప్పుడో చూశారు. నాన్న కళ్ళ గురించి చెప్పాను. మొదట ఏ రంగు, తర్వాత ఏ రంగు. గ్రామపెద్ద వాళ్ళన్న కూడా అలాగే పోయాడట, ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదట. కాసేపటికి ఆయనే లేచి పుల్లలు ఏరాడు. పళ్ళెంలోదంతా పెనంమీద బోర్లించి ఎర్రగా వేయించాం. తిన్నాం. బాగాలేదు. చెత్తగా ఉంది అని ఐదుగురం ఒప్పుకుని మొత్తం తిన్నాం.

పరీక్షకి డబ్బా ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఇది నాదే. గేదె దగ్గరికి నన్ను చంథీ పోనివ్వదు. నువ్వే కలుపుకుని నువ్వే కడుక్కో. నా బ్రష్షులు వంకర పోనిచ్చావంటే ఊరుకోను.

అక్క

---

ఖోన్ కేన్,
కోతల ముందు

అక్కా,

నీ డబ్బా కండక్టరు బస్సు పైకప్పు మీద కట్టి తెచ్చాడు.

మాలీ నన్ను కలపనివ్వలేదు, తనే చేసింది. నేను తొట్టె దగ్గర ఒకే గరాటుని అరగంట తోమాను. మాలీ యంత్రంలో చూసి, డాక్టర్ ప్రసిత్‌ని పిలిచింది. ఆయన చూశాడు. మళ్ళీ ఇంకో పలక పెట్టి చూశాడు. ఇలా పిలవడం, చూడడం నాకేం నచ్చలేదు. నోయ్ పిన్ని నా చెయ్యి పట్టుకుంది. బ్లీచింగుతో దాని చెయ్యి గరుకు కాగితంలా ఉంది, నాదీ అలాగే అయింది.

ఒక్క గుడ్డు కూడా లేదట.

వచ్చే నెల తెర యంత్రం దగ్గరికి రావాలి, ఆ తర్వాత మూణ్ణెల్లకోసారి. గడ్డ సంగతి అప్పుడే తెలుస్తుంది, ఇప్పుడే ఏమీ అననన్నాడు. ఈసారి నువ్వు ముందు పడుకో. నేను బయట కూర్చుంటాను. అక్కడున్న కుర్చీ ముందే నేను తీసుకుంటాను, ఆయన నిలబడే మాట్లాడాలి.

ఇక నీ పరీక్ష ఫలితం ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, కాగితం జాగ్రత్తగా దాచుకో. మీ అక్కలో ఏమీ లేదు అన్నాడు. ఇది నేను చిన్నప్పటి నుంచీ చెబుతున్నదే. ఇన్నాళ్ళకి ఒక చదువుకున్నవాడు ఒప్పుకున్నాడు.

తమ్ముడు
ఖంపన్